మడ్డిని విడిచి తేటను దించుట

నేడు నేను తమతో ముచ్చటింపదలచిన పని చూచుటకు మిక్కిలి చిన్నది. ఇంటియందు యవలతో కాచి పులియబెట్టిన బీరును, అది పులిసిన పాత్రనుండి మఱియొక పాత్రలోనికి దించుట, ఇంతే ఆ పని. కడవలోని నీటిని బిందెలోనికి వంచుటకును దీనికిని భేదమేమని తోచవచ్చును. కాని యీ చిన్నపని వెనుక నాలుగువేల యేండ్ల చరిత్ర యున్నది. అందు ఇల్లాండ్ర నేర్పున్నది, ప్రభువుల సుంకములున్నవి, శాస్త్రజ్ఞుల పరిశోధనమున్నది, ఏ పాపము నెఱుగని పిల్లల మరణమును ఉన్నది. పానమును పొగడుట నా యుద్దేశము కాదు. మద్యము సంసారముల నెట్లు కూల్చునో మన గ్రామములకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలవలన పేరుకెక్కిన సారా వ్యతిరేకోద్యమమే అందులకు సాక్ష్యము. ఐనను త్రాగనివారును తెలిసికొనదగిన సంగతి యొకటి యీ చరిత్రలో నున్నది. చేతికి తెలిసిన విద్య బుద్ధికి తెలియుటకు ఎంతకాలము పట్టినదో, ఆ నడుమ ఎవరు లాభపడిరో, ఎవరు నష్టపడిరో, అదియే నేను చెప్పదలచినది.

ముందుగా పని యెట్టిదో విన్నవించెదను. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నలుగగొట్టి వేడినీట నానవేయుదురు. మొలకెత్తునపుడు గింజలో పుట్టిన శక్తివలన అందలి పిండి తీపిగా మారును. మన యిండ్లలో చంటిబిడ్డలకు రాగులు మొలకగట్టి జావ కాచునపుడు ఆ జావ పలుచగాను, కొంచెము తియ్యగాను ఉండుటకు కారణ మిదియే. అట్లు దిగిన తీయని నీటిని వడకట్టి, హాప్సు అను నొక తీగ పూవులను చేదుకొఱకు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు అను కిణ్వమును కలుపుదురు. ఈస్టు అనునది కంటి కగపడని ప్రాణుల సమూహము. అది తీపిని తిని, మత్తు కలిగించు సారమును, బొగ్గుపులుసు గాలిని పుట్టించును. మొదటి మూడు నాలుగు దినములు పాత్రనిండ నురుగు పొంగును. పిమ్మట పొంగు చల్లారును. ఈస్టును, హాప్సు తునకలును అడుగున మడ్డిగా పేరుకొనును. అప్పుడు పైతేటను మెల్లగా వేఱొక పాత్రలోనికి దించవలెను.

ఎందులకు దించవలెను? మడ్డిమీద చిరకాలము నిలిచినచో అందలి యీస్టు చచ్చి కరగి రుచిని చెఱచును. తేట యింకను తేరుకొనుటకు కదలిక లేని పాత్ర కావలెను. గాలి తగులకుండ నిలువచేయుటకు మూతి బిగింపదగిన పీపాయి కావలెను. ఐతే చిక్కొకటి యున్నది. దించునపుడే గాలి తగులును. దించునపుడే మురికి సోకును. మేలుకొఱకు చేసిన పనియే కీడునకు ద్వారమగును. అందుచేత ఎప్పుడు దించవలెను, ఎట్లు దించవలెను అను ప్రశ్న నాటినుండి నేటివఱకు బీరు కాచువారిని వదలలేదు.

మన పల్లెలలో ఈ నేర్పు వేఱు రూపముల నున్నది. వానకాలమున చెఱువునీరు బురదగా నున్నపుడు కుండ లోపల ఇండుపగింజను అరగదీసి, బురద అడుగంటిన పిమ్మట తేటను మఱియొక కుండలోనికి వంచుకొనుట మన పూర్వు లెఱిగినదే. వెన్న కాచిన పిదప అడుగున గసి కదలకుండ నేతిని వంచుట ప్రతి యిల్లాలికిని తెలిసినదే. తరవాణికుండలో పాతపులుపు కొంత నిలిపి క్రొత్తగంజిని పోయుటయు, పాలలో తోడు వేయుటయు ఈ విద్యకు చుట్టములే. ఇంగ్లండులో బీరును తేర్చుటకు చేప గాలితిత్తినుండి తీసిన ఐసింగ్లాసు అను జిగురును వాడుచుండిరి. మనకు ఇండుపగింజ యెట్టిదో వారికి ఆ జిగు రట్టిది.

ఇక ప్రాచీనకాలమునకు పోవుదము. నేడు ఇరాకు అనబడు దేశమున సుమేరియనులు యవలతో బీరు చేయుచుండిరి. వారి ముద్రికలపై పెద్దకడవ చుట్టు జనులు కూర్చుండి పొడవైన రెల్లుగొట్టములతో పీల్చుచున్న చిత్రములు కలవు. పైన తేలు పొట్టును, అడుగునున్న మడ్డిని తప్పించుకొని నడిమితేటను అందుకొనుటకు వారికి దొరికిన యుపాయ మిది. క్రీ.పూ. 1800 ప్రాంతమున మట్టిపలకలపై వ్రాయబడిన యొక స్తోత్రము నిన్‌కాసి అను సురాదేవతను కొనియాడుచు, బీరు చేయు క్రమమును, దానిని వడబోసి పెద్దకాగులోనికి దించుటను వర్ణించుచున్నది. ఆ దేవత స్త్రీమూర్తి యగుట గమనింపదగినది.

గొట్టముతో పీల్చుట తెలిసిన పిమ్మట గొట్టముతో దించుట ఎంతో దూరము కాదు. రెండుకొసలుగల వంకగొట్టమును ద్రవముతో నింపి, ఒక కొసను ఎత్తుననున్న పాత్రలో ముంచి, రెండవకొసను పల్లమున విడిచినచో, ద్రవము గట్టెక్కి తనంతట క్రిందికి దిగును. కాలువగట్టు మీదుగా రబ్బరు గొట్టముతో పొలమునకు నీరు దింపుకొను రైతు దీనిని చక్కగా నెఱుగును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందున్న హీరో అను పండితుడు తన గ్రంథమున ఇట్టి గొట్టముల పనితీరును వివరించెను. దీని మేలేమనగా, పాత్రను కదపనక్కరలేదు, వంపనక్కరలేదు. మడ్డి నిదురపోవుచుండగనే తేట దిగిపోవును.

ఇంట కాచు హక్కునకును ప్రభుత్వపు ఆదాయమునకును గల పెనుగులాట కూడ ప్రాచీనమైనదే. మన కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గుఱించి యొక అధ్యాయమున్నది. మినుములు, బియ్యము చేర్చి కిణ్వము కట్టు విధము అందు చెప్పబడినది. సుర తయారును, అమ్మకమును రాజు అదుపులో నుండవలెనని చెప్పుచునే, కుటుంబములవారు తమ శుభకార్యములందు తెల్లసురను, ఔషధార్థము అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని కౌటిల్యుడు అనుమతించెను. ఇంటిపాత్రకు ఎంత, రాజుపాత్రకు ఎంత అను లెక్క అప్పుడే ఆరంభమైనది.

మధ్యయుగపు ఇంగ్లండులో హాప్సు లేని బీరును ఏలు అనెడివారు. దానిని కాచువారు చాలవఱకు స్త్రీలు. ఏలు కొలదిదినములలోనే పులిసి చెడును గనుక, ఒక యింట కాచినపుడు మిగిలినదానిని పొరుగువారికి అమ్ముచుండిరి. 13వ శతాబ్దమున ప్రభుత్వము రొట్టె ధరను, ఏలు ధరను ధాన్యపు ధరతో ముడిపెట్టి శాసనము చేసెను. గ్రామములందు ఏలును రుచిచూచి కొలత సరిచూచు తనిఖీదారులు నియమింపబడిరి. ఆనాటి గ్రామసభల లెక్కలు నేటికిని నిలిచియున్నవి. అందు ఏలు కాచినందులకు జరిమానా చెల్లించిన స్త్రీల పేర్లు కోకొల్లలు. ఏ యిల్లాలు తేట చక్కగా దించెనో వ్రాసినవారు లేరు. ఏ యిల్లాలు ఎన్ని పెన్నీలు చెల్లించెనో మాత్రము వ్రాయబడినది. వారి విద్యకు చరిత్రలో దొరకిన చోటు ఆ జరిమానా పట్టికయే.

తరువాత హాప్సు వచ్చినది. ఈ పూవులు పానీయము చెడకుండ కాపాడునని 12వ శతాబ్దమందే జర్మనీలో హిల్డెగార్డ్ అను సన్యాసిని వ్రాసియుండెను. ఇంగ్లండునకు హాప్సుబీరు 1400 ప్రాంతమున సముద్రము దాటి వచ్చినది. అది వారములు, నెలలు నిలువయుండును. నిలువయుండు సరకు దూరముపోవును. దూరముపోవు సరకునకు పెట్టుబడి కావలెను. పెట్టుబడి చేరినచోట పాత్రలు పెద్దవగును. ఇంటి వెనుక కాగు పెట్టుకొన్న యిల్లాలు ఆ పందెమున నిలువలేకపోయెను. బవేరియాలో 1516లో బీరునకు యవలు, హాప్సు, నీరు తప్ప వేఱు వస్తువులు చేర్చరాదని శాసనము పుట్టినది. అందు ఈస్టు మాటయే లేదు. 1553లో అచ్చటనే ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వఱకు బీరు కాయరాదని నిషేధించిరి. వేసవిలో కాచినది చెడుచుండెను గనుక. అందుచేత చలికాలమున కాచి, రెండవపాత్రలోనికి దించి, చల్లని నేలమాళిగలలో వేసవి యంతయు దాచుచుండిరి. లాగరు అను మాటకు దాచియుంచుట యనియే అర్థము. నేడు లోకమున ఎక్కువగా అమ్ముడగు బీరు ఈ జాతిదే.

మడ్డిని గుఱించి యొకమాట చెప్పవలెను. తేటను దించిన పిమ్మట మడ్డిని పాఱబోయుదురని మనము తలతుము. పూర్వపు గృహములందు మాత్రము మడ్డిలో కొంతయైనను దాచబడుచుండెను. మఱుసటి కాపునకు అదియే తోడు. నార్వే దేశపు పడమటి కొండపల్లెలలో రైతులు ఈ తోడును క్వైక్ అని పిలుచుచు, చెక్కకడియములకు పూసి ఆరబెట్టి, తరతరములు కాపాడుకొనిరి. ఎవరి తోడైనను చెడినచో పొరుగింటివారిని అడిగి తెచ్చుకొనెడివారు. మన యిండ్లలో పెరుగు తోడుకొఱకు చిన్నగిన్నె పట్టుకొని పొరుగింటికి పోవుటవంటిదే యిది. ఇటీవల శాస్త్రజ్ఞు లా తోడును పరీక్షించి, అది మానవుల చేతిలో మాలిమియైన ప్రత్యేకజాతి యీస్టు అని 2018లో ప్రకటించిరి. పశువును, పైరును సాకినట్లే ఆ పల్లెవారు కంటి కగపడని ప్రాణిని సాకిరి. తేట త్రాగువారికి పండుగ; విత్తనము మాత్రము మడ్డిలోనే యుండెను.

18వ శతాబ్దమున లండను నగరమున పోర్టరు అను నల్లని బీరు వ్యాపించినది. దానిని మొదట పెద్దతొట్టిలో పులియబెట్టి, పిమ్మట చిన్నపీపాయిలలోనికి దించి, ఈస్టు నురుగును మూతిగుండ బయటికి పొంగిపోనిచ్చి, తుదకు బ్రహ్మాండమైన చెక్కతొట్లలో నెలల తరబడి నిలువచేయుచుండిరి. తొట్టి యెంత పెద్దదైన యజమానికి అంత లాభము, అంత ప్రతిష్ఠ. 1814 అక్టోబరు 17వ తేదీన టాటెన్‌హామ్ కోర్టు రోడ్డు చెంతనున్న మ్యూ కంపెనీవారి హార్స్ షూ కర్మాగారమున ఒక తొట్టి పగిలినది. దాని యెత్తు 22 అడుగులు. అందు 3,555 పీపాయిల బీరు పట్టును. సాయంకాలము నాలుగున్నర ప్రాంతమున దానికి బిగించిన యినుపకట్టు ఒకటి జాఱినది. ఆ కట్టు బరువు 700 పౌనులు. గుమాస్తా దానిని చూచి పైవారికి తెలుపగా, ప్రమాదమేమియు లేదని చెప్పిరి. ఒకగంట గడచునప్పటికి తొట్టి బ్రద్దలై, ప్రక్కనున్న తొట్లను, పీపాయిలను కూడ పగులగొట్టి, కర్మాగారపు వెనుకగోడను పడద్రోసి, బీరు వెల్లువయై ప్రక్కవీధిలోని పేదల యిండ్లపై పడినది.

ఆ యిండ్లలో నేలమాళిగలందు పేదకుటుంబములు కాపురముండెను. ఒక మాళిగలో ఐర్లండు దేశపు పేదలు రెండేండ్ల బాలుని శవము ప్రక్కన కూర్చుండి జాగరము చేయుచుండిరి. అచ్చట ఐదుగురు మరణించిరి. మొత్తము మీద చనిపోయినవారు ఎనిమిదిమంది. అందఱును స్త్రీలు, పిల్లలు. విచారణ చేసిన పంచాయితీదారులు ఇది దైవికముగా జరిగినదని, ఎవరి దోషమును కాదని తీర్పు చెప్పిరి. పోయిన బీరుపై ముందే చెల్లించిన సుంకమును, సుమారు 7,250 పౌనులను, పార్లమెంటు కంపెనీకి తిరిగి యిప్పించినది. చనిపోయిన పిల్లలకొఱకు శవపేటికల చెంత చూపరులు వేసిన చిల్లరయే ఆ కుటుంబములకు దక్కినది. ఇల్లాలు తన కాగును ఒలుకబోసికొనిన ఆమె కాలు తడియును, ఒక కాపు నష్టమగును. పాత్ర పెద్దదైనకొలది లాభము ఒకచోటను, అపాయము మఱియొకచోటను చేరుచున్నవను మాటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇండ్లలో కాచుకొను ఆచారము ఈలోపల క్షీణించుచుండెను. రైతుబిడ్డయు, పత్రికారచయితయు నగు విలియం కాబెట్ 1821-22లో కాటేజి ఎకానమీ అను పుస్తకమును భాగములుగా ప్రకటించి, కూలివారు తిరిగి తమ యిండ్లలో బీరు కాచుకొనవలెనని వాదించెను. నలువదియేండ్ల క్రిందట ఈ సంగతి ఆంగ్లేయులకు బోధించుట హాస్యాస్పదముగా నుండెడిదనియు, మాల్టుపై సుంకమును, తేనీటి యలవాటును ఆ విద్యను గ్రామములనుండి తుడిచివేసిన వనియు అతని మొఱ. నానవేయు తొట్టి యెట్లుండవలెను, చల్లార్చు పాత్రలు ఎన్ని యుండవలెను, నురుగు తీసి పీపాయికి ఎత్తుట యెప్పుడు అను సంగతులను ఆ పుస్తకమున కూలివానికి అర్థమగునట్లు వ్రాసెను. ఒక తరము మానివేసిన విద్యను తరువాతి తరమునకు పుస్తకముతో నేర్పవలసివచ్చెనుగదా యని నేను దానిని తలచినపుడెల్ల అనుకొందును.

అటు పాత్రలు పెరుగుచుండగా, ఇటు పాత్రలో జరుగునదేమి యను ప్రశ్న పండితులను తొలిచెను. 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను క్రైస్తవాచార్యుడు లీడ్స్ పట్టణమున బీరు కర్మాగారము ప్రక్కయింట కాపురముండెను. పులియుచున్న తొట్టిమీద సుమారు అడుగు మందమున ఒక విధమైన గాలి నిలుచుచున్నదని, అందు దించిన దీపము ఆఱిపోవుచున్నదని, ఆ గాలి బరువై తొట్టి అంచుమీదుగా క్రిందికి జాఱుచున్నదని అతడు కనుగొనెను. రెండుపాత్రలు చేతబట్టి, తొట్టికిపైన ఆ గాలిలోనే ఒకదానినుండి మఱియొకదానిలోనికి నీటిని మాటిమాటికి పోసిచూచెను. నీటిలో గాలి కరగి, నాలుకకు చుఱుక్కుమను రుచి వచ్చెను. సోడానీరు పుట్టినది ఆ పాత్రలు మార్చుటలోనే. 1772లో ఆ విధానమును అతడు గ్రంథముగా ప్రకటించెను. తరువాత సరిగా నూఱేండ్లకు, 1872లో, హైరమ్ కాడ్ అను నాంగ్లేయుడు గోళీతో మూతపడు సీసాకు పేటెంటు పొందెను. మన తిరునాళ్లలోని గోళీసోడా ఆ వంశములోనిదే.

ఈ గాలిని గుఱించి తమకు ముఖ్యముగా హెచ్చరింపవలసినది కలదు. బొగ్గుపులుసు గాలికి రంగు లేదు. బరువుచేత పల్లమున నిలిచియుండును. తొట్టి కడుగుటకు దిగిన పనివారు ఊపిరాడక పడిపోవుటయు, వారిని తీయబోయినవారును అట్లే పడిపోవుటయు బీరు కర్మాగారములందు పలుమాఱు జరిగినది. మన గ్రామములలో పాడుబడిన బావులందును, వెనుకటి ధాన్యపు పాతరలందును జరుగు మరణములు ఈ జాతివే. ముందు దీపమును దించి చూచుట మన పెద్దల యాచారము. దీపము ఆఱినచో దిగరాదనుట నిజమే. ఐతే దీపము వెలుగుచున్నంత మాత్రమున నిర్భయమని తలపరాదు. మనిషికి హాని చేయు గాలిలోను దీపము కొంతవఱకు వెలుగును, ఇతర విషవాయువులును అచ్చట నుండవచ్చును. పడినవానిని రక్షింపవలెనని తొందరపడి వెంటనే దిగినవాడు రెండవ శవమగును. గాలి లోనికి కొట్టి, నడుమునకు త్రాడు కట్టి, తగిన పరికరములున్నవారే దిగవలెను.

ఇక మడ్డి రహస్యము. 1680లో హాలండు దేశస్థుడగు లేవెన్‌హుక్ తాను చేసికొన్న భూతద్దముతో బీరులోని యీస్టు కణములను చూచెను. అవి ప్రాణులని మాత్రము ఎఱుగడు. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు పులియుట ప్రాణుల వ్యాపారమని నిరూపించెను. 1871లో అతడు లండనులోని విట్‌బ్రెడ్ కర్మాగారమునకు పోయి, వారి యీస్టును సూక్ష్మదర్శినిలో చూపి, బీరు చెడుటకు అందు చేరిన ఇతర సూక్ష్మజీవులే కారణమని చెప్పెను. వారు త్వరలోనే తామొక సూక్ష్మదర్శినిని కొనిరి. 1876లో పాశ్చరు బీరును గుఱించి పెద్దగ్రంథము ప్రకటించెను. 1883లో డెన్మార్కునందలి కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణమునుండి శుద్ధమైన యీస్టును పెంచెను. యజమాని జేకబ్‌సెన్ దానిని రహస్యముగా దాచక ఇతర కర్మాగారములవారికిని ఇచ్చుటకు ఒప్పుకొనెను. పొరుగింటికి తోడు ఇచ్చు ఆచారము అంతటి వ్యాపారములోను నిలిచినందులకు నేను సంతసించుచున్నాను.

ఇల్లాండ్రు పాత్రలను కాగిననీటితో కడిగి, తోమి, ఎండబెట్టుట ఎందులకో ఇప్పుడు తెలిసినది. గాలి తగులరాదనుటకును అర్థము తెలిసినది. ఈస్టు వేసిన తొలిగంటలలో దానికి ప్రాణవాయువు కావలెను. అప్పుడు గిలకొట్టుట మేలు. పొంగు చల్లారిన పిమ్మట అదే గాలి శత్రువు; సారమును పులుసుగా మార్చు సూక్ష్మజీవులు దానితో బలియును, రుచి వాడిపోవును. బర్టన్ పట్టణమువారు 1838లో పీటర్ వాకర్ పేటెంటు పొందిన పద్ధతిని అనుసరించి పీపాయిలను వరుసగా అమర్చి, వంకగొట్టములద్వారా నురుగును పైతొట్టికి ఎక్కించి, ఈస్టును అచ్చట నిలిపి, తేటను తిరిగి పీపాయిలకు దించుచుండిరి. ఆ ఊరి బీరు 19వ శతాబ్దమున ఓడలమీద మన దేశపు రేవులలోని తెల్లదొరలకు వచ్చుచుండెను. ఆ పద్ధతిని చివరివఱకు నిలుపుకొన్న మార్స్టన్ కంపెనీవారును 2024లో దానిని విరమించిరి. ఒక వరుస మాత్రము థార్న్‌బ్రిడ్జి అను చిన్నకర్మాగారమునకు చేరినది.

చట్టము సంగతి కూడ చెప్పి ముగించెదను. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు సుంకమును తీసివేసి బీరుమీదనే సుంకము విధించినపుడు, ఇంట కాచుకొనువారును లైసెన్సు పొందవలసివచ్చెను. 1963లో ఆ నిబంధన తొలగినది. అమెరికాలో 1920 నుండి 1933 వఱకు మద్యనిషేధముండెను. నిషేధము తొలగినను ఇంట బీరు కాచుట మాత్రము చట్టవిరుద్ధముగనే మిగిలినది. 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టముతో దేశీయప్రభుత్వపు అడ్డు తొలగినది. రాష్ట్రములలో కడపటివగు మిసిసిపీ, అలబామాలు 2013లో అంగీకరించినవి.

అప్పటినుండి ఆ దేశములలో మరల ఇండ్లలో గాజుకూజాలు, వంకగొట్టములు కనబడుచున్నవి. పాతప్రశ్నయు మరల పుట్టినది. వారమునకే తేటను రెండవపాత్రకు దించితీరవలెనని 20వ శతాబ్దపు చేతిపుస్తకములు బోధించినవి. చిన్నపాత్రలో మంచి యీస్టు మూడునాలుగు వారములు మడ్డిమీదనున్నను చెడదనియు, అనవసరముగా దించి గాలి తగిలించుటయే యెక్కువ హాని యనియు నేడు పలువురి మతము. దించవలసినపుడు మాత్రము అందఱును ఒప్పుకొను నియమము లివి: పాత్రలను, గొట్టమును శుద్ధిచేయవలెను, గొట్టపుకొసను క్రిందిపాత్ర అడుగువఱకు దించి, చప్పుడు కాకుండ, చిమ్మకుండ నింపవలెను, నోటితో పీల్చరాదు, మడ్డి కదలకముందే ఆపవలెను. ఈ నియమములలో చాలవఱకు వందలయేండ్ల క్రిందట ఏలు కాచిన యిల్లాలు విని ఆశ్చర్యపడదు. తన చేయి చేసినదే గదా యనుకొనును.

పెద్దలారా, ఆ యిల్లాండ్ర పేర్లు జరిమానా పట్టికలలో మిగిలినవిగాని, వారి నేర్పును అడిగి వ్రాసికొన్నవారు లేరు. అందువలన మూడు నాలుగు తరములలో మాసిపోయినదానిని, కాబెట్ వంటివారు వ్రాసియు, పాశ్చరు వంటివారు వెదకియు తిరిగి కూర్చవలసివచ్చెను. మన యిండ్లలో తరవాణికుండను నిలుపుట తెలిసిన ముదుసలి స్త్రీలు ఇంకను ఉన్నారు. ఇండుపగింజ ఎంతసేపు అరగదీయవలెనో, ఏ కుండకు సున్నము పూసిన కల్లు పులియక నీరాగా నిలుచునో తెలిసినవారు ఉన్నారు. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పేరుతో సహా, ఊరితో సహా వ్రాయించుడు. అక్షరజ్ఞానము గల తాము చేయదగిన పని యిది. పాతపాత్రనుండి క్రొత్తపాత్రకు దించునపుడు తేటతోపాటు తోడునకు కావలసినంత మడ్డిని కూడ దాచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.